పాత వీడియో గేమ్ తెరిస్తే పాత స్నేహితుడు ఎందుకు గుర్తొస్తాడు?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, మడివాళ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పీజీల్లో, ఫ్లాట్లలో వారాంతాల్లో ఇది తరచూ జరుగుతుంటుంది. ముప్పై దాటిన ఉద్యోగి ఒకతను ల్యాప్‌టాప్‌లోకి ఎమ్యులేటర్ (పాత గేమ్ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) దించుకుని, కడపలోనో విజయవాడలోనో చిన్నప్పుడు ఆడిన ‘కాంట్రా’ అనే తుపాకుల ఆట తెరుస్తాడు. మొదటి స్టేజ్ సంగీతం వినగానే ఒళ్లు పులకరిస్తుంది. పది నిమిషాలయ్యేసరికి విసుగొచ్చి మూసేస్తాడు. కానీ ఆ స్క్రీన్ ఫొటో తీసి స్కూలు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెడితే మాత్రం, పండగ శుభాకాంక్షలు తప్ప మాటల్లేని ఆ గ్రూపు అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉంటుంది. “రేయ్, వాటర్‌ఫాల్ స్టేజ్‌లో నన్ను కింద వదిలేసి పైకెక్కింది నువ్వే కదరా” అని ఒకడంటాడు. “నేను కాదురా బాబూ, మీ అన్నయ్య” అని ఇంకొకడు.

ఆట పది నిమిషాలకే చప్పబడింది, ఆట గురించిన మాటలు మాత్రం ఆగలేదు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. దీన్ని ఇప్పుడే విడమర్చి చూడడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాత ఆన్‌లైన్ గేమ్‌ల సర్వర్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. డబ్బు పెట్టి కొన్న గేమ్ మనదవుతుందా, కాదా అని పలు దేశాల్లో వాదనలు నడుస్తున్నాయి. మన దేశంలో 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది. అది నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను. ఈ-స్పోర్ట్స్‌ను, సరదాగా ఆడుకునే సోషల్ గేమ్‌లను వేరుగా చూసింది. అయినా ఇళ్లలో చర్చ మొదలైతే ‘గేమ్స్’ అన్న ఒక్క మాట కింద రమ్మీ, పబ్జీ, మారియో అన్నీ కలిసిపోతున్నాయి. ఇక్కడ డబ్బు పందేల ఊసు లేదు. పిల్లలు పిల్లలతో కలిసి ఆడుకున్న ఆటల గురించే ఇదంతా.

ఒక ఆట, మూడు చోట్ల జ్ఞాపకం

‘ఆ గేమ్ నాకు బాగా గుర్తుంది’ అన్నప్పుడు మనం తెలియకుండానే మూడు వేర్వేరు సంగతులను కలిపేస్తాం.

మొదటిది యంత్రం దాచుకున్నది. అంటే ఆట ప్రోగ్రామ్, సేవ్ చేసిన ఫైలు, హైస్కోర్ పట్టికలో మిగిలిన మూడక్షరాల పేరు. రెండోది చేతులు దాచుకున్నది. ఏ గుంత దగ్గర ఎప్పుడు దూకాలో బుర్రకంటే ముందు బొటనవేలికి తెలుస్తుంది. మూడోది మనిషితో, చోటుతో, రోజుతో కలిసి ఉన్న జ్ఞాపకం. ఎవరింట్లో ఆడాం, ఎవరు ఏ పక్కన కూర్చున్నారు, లోపలి నుంచి ఎవరి అమ్మ కేకేసింది అన్నవన్నీ ఇందులోకి వస్తాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టల్వింగ్ 1972లో ఇలాంటి స్వీయానుభవ జ్ఞాపకాన్ని వట్టి సమాచార జ్ఞాపకం నుంచి విడదీసి చూపించాడు. ‘కాంట్రా’లో మూడో స్టేజ్ జలపాతం అని తెలియడం సమాచారం. ఆ జలపాతం దగ్గర ఫలానా వేసవి సెలవుల్లో పక్కింటి అబ్బాయితో గొడవపడ్డానని గుర్తుండడం సంఘటన.

ఎమ్యులేటర్ మొదటిదాన్ని దాదాపు పూర్తిగా తెచ్చిస్తుంది. రెండోదాన్ని కొద్ది నిమిషాల్లోనే నిద్ర లేపుతుంది. మూడోదాన్ని కదిలించగలదే గానీ తనంతట తాను తెచ్చివ్వలేదు, ఎందుకంటే దానిలో సగం ఇంకొకరి దగ్గర ఉంది. వాట్సాప్ గ్రూపులో మాటలు ఆగకపోవడానికి నాకు కనిపించే ప్రధాన కారణం ఇదే.

చేతులు మరిచిపోవు

1953లో హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మూర్ఛ తగ్గించడానికి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని రెండు వైపులా చాలావరకు తీసేశారు. ఆ తర్వాత కొత్త సంఘటన ఏదీ ఆయనకు గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ అంచుల వెంట గీత గీయించింది. రోజురోజుకూ చేయి తిరిగింది. కానీ ప్రతిసారీ ఆయన ఆ పని మొదటిసారి చేస్తున్నాననే అనుకునేవాడు. చేతి నేర్పు, సంఘటన జ్ఞాపకం మెదడులో వేర్వేరు దారుల్లో నడుస్తాయని అప్పుడు తేలింది.

వీడియో గేమ్‌తోనే చేసిన పరిశోధన ఒకటి ఉంది. 2000లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం కొందరి చేత ‘టెట్రిస్’ ఆడించి, నిద్ర పట్టే క్షణాల్లో ఏం కనిపించిందని అడిగింది. పై నుంచి పడుతున్న ముక్కలు కనిపించాయని చాలామంది చెప్పారు. వాళ్లలో మతిమరుపు జబ్బున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆట ఆడిన సంగతే గుర్తులేని మనుషులకు కూడా నిద్ర అంచున ఆ ఆకారాలు కనిపించాయి. ఇంకో పరిశోధన 2019లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగింది. చిన్నప్పుడు గేమ్‌బాయ్ మీద ‘పోకెమాన్’ విపరీతంగా ఆడిన పెద్దవాళ్లకు ఆ బొమ్మలు చూపిస్తే, మెదడులో చూపుకు సంబంధించిన ఒక నిర్దిష్ట ప్రాంతం ప్రత్యేకంగా స్పందించింది. ఆడనివాళ్లలో అలా జరగలేదు. చిన్న వయసులో గంటల తరబడి చూసినదానికి మెదడు చోటు కేటాయించుకుంటుందన్నమాట.

‘పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ’ అనే కోడ్‌ను, అంటే ఆటను తేలిక చేసే రహస్య మీటల వరుసను, నోటితో చెప్పమంటే తడబడి, చేతికి జాయ్‌స్టిక్ ఇస్తే తడుముకోకుండా నొక్కేసేవాళ్లు అందుకే ఉన్నారు. కజుహిసా హషిమోటో అనే కొనామి కంపెనీ ప్రోగ్రామర్ ‘గ్రాడియస్’ ఆటను ఇంటి యంత్రానికి మారుస్తున్నప్పుడు, పరీక్షించడానికి ఆట మరీ కష్టంగా ఉందని తన సౌకర్యం కోసం 1986లో పెట్టుకున్న కోడ్ అది. తర్వాత ‘కాంట్రా’ వల్ల లోకమంతా పాకింది. దాన్ని మనకు ఎవరు నేర్పారన్నది మాత్రం మూడో రకం జ్ఞాపకం. అన్నో, పక్కింటి పెద్దబ్బాయో, పార్లర్ నడిపే అంకులో, ఎవరో ఒకరు ఉండే ఉంటారు. అది తనంతట తాను కనిపెట్టానన్నవాణ్ని నేనింకా చూడలేదు.

ఒక టీవీ, రెండు జాయ్‌స్టిక్‌లు

1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రం మన దేశంలో ‘సమురాయ్’ పేరుతో అమ్ముడైంది. అయితే మధ్యతరగతి ఇళ్లకు ఎక్కువగా చేరినవి తైవాన్, చైనాల్లో తయారైన దాని నకళ్లు. బెంగళూరు గాంధీనగర్‌లోని నేషనల్ మార్కెట్, చెన్నైలోని బర్మా బజార్ లాంటి చోట్ల ఇలాంటి సరుకే దొరికేది. ఆట ఉన్న పెట్టెను మనం క్యాసెట్ అనేవాళ్లం. దాని మీద ‘9999999 ఇన్ 1’ అని ఉండేది. తెరిస్తే ఉన్నవి కొన్నే. అదే ఆట వేరే స్టేజ్ నుంచి మొదలైతే దాన్ని ఇంకో ఆటగా లెక్కేసేవారు.

ఆ యంత్రానికి రెండు జాయ్‌స్టిక్‌లు ఉండేవి. ఇంట్లో టీవీ ఒకటే, అదీ వార్తలకు, సీరియల్‌కు మధ్య దొరికే కాస్త ఖాళీలో. అందుకని ఆట ఎప్పుడూ గుంపుగానే జరిగేది. ఇద్దరు ఆడుతుంటే ముగ్గురు కాచుకుని కూర్చునేవారు. లైఫ్ పోతే జాయ్‌స్టిక్ చేతులు మారాలి. గేమ్ పార్లర్లలో గంట లెక్కన డబ్బు కట్టాలి కాబట్టి ఇద్దరు ముగ్గురు చందా వేసుకునేవారు. మన ఊళ్లలో ‘ముస్తఫా గేమ్’గా పేరుపడ్డది నిజానికి క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. నలుగురు హీరోల్లో ఒకడి పేరు ముస్తఫా. ఒకేసారి ముగ్గురు ఆడొచ్చు కాబట్టి, ముస్తఫా ఎవరికన్న గొడవతోనే ఆట మొదలయ్యేది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ‘డేంజరస్ డేవ్’, ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ ఒక్కరు ఆడే ఆటలే. కానీ వీధి మొత్తానికి ఒకే ఇంట్లో కంప్యూటర్ ఉన్న రోజుల్లో ఒకడు కీ నొక్కుతుంటే నలుగురు వెనక నిలబడి ‘దూకు, దూకు’ అని అరిచేవారు. వెనక నిలబడ్డవాడికి కూడా ఆ ఆట ఆడిన జ్ఞాపకమే ఉంటుంది. నెట్ సెంటర్ల కాలంలో ‘కౌంటర్-స్ట్రైక్’ వచ్చేసరికి ఒక్కొక్కరికీ ఒక్కో కంప్యూటర్ దొరికింది, గది మాత్రం ఒకటే. బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామందికి కన్నడ, తమిళం, హిందీ కలగలిసిన స్నేహభాష అలవడింది ఇలాంటి గదుల్లోనే. ఇంట్లో ‘ఏరా’ అని పిలిచేవాడు అక్కడ ‘మచ్చా’ అనేవాడు.

జలపాతం దగ్గర ఏం జరిగింది: ఒక ఉదాహరణ

‘కాంట్రా’ మూడో స్టేజ్‌నే తీసుకుందాం. మొదటి స్టేజ్‌లోలా పక్కకు పోకుండా ఇక్కడ జలపాతం మీదుగా పైకి ఎక్కాలి. ఇద్దరికీ తెర ఒకటే. ఒకడు పైకి ఎక్కితే తెర కూడా పైకి జరుగుతుంది. వెనకబడ్డవాడు తెర కింది అంచు దాటి పోతే అతని లైఫ్ పోయినట్టే. శత్రువు ఎవరూ తాకకుండానే, పక్కన కూర్చున్న స్నేహితుడి తొందర వల్ల చావొస్తుంది.

ఇద్దరు పిల్లలు ఈ స్టేజ్ ఆడుతున్నారనుకోండి. ఒకడికి చేయి తిరిగింది, రెండోవాడు కొత్త. మొదటివాడికి రెండు దారులున్నాయి. తన వేగంతో ఎక్కేసి బాస్‌ను, అంటే స్టేజ్ చివర ఎదురయ్యే పెద్ద శత్రువును, తానే చంపడం ఒకటి. ప్రతి మెట్టు దగ్గర ఆగి, తుపాకీ గుళ్లు తప్పించుకుంటూ, రెండోవాడు ఎక్కేదాకా కాచుకోవడం ఇంకొకటి. ఆగాలని ఆట ఎక్కడా చెప్పదు, ఆగినందుకు పాయింట్లు ఇవ్వదు. అయినా ఆగినవాడు గుర్తుండిపోతాడు. ఆగకుండా వెళ్లినవాడు ఇంకా బాగా గుర్తుండిపోతాడు.

మనకు ‘ట్యాంక్ గేమ్’గా తెలిసిన ‘బ్యాటిల్ సిటీ’లోనూ ఇంతే. పొరపాటున స్నేహితుడి ట్యాంకును కాలిస్తే అది కాసేపు కదలకుండా నిలిచిపోతుంది. మన గుండు తగిలి మన స్థావరమే కూలితే ఇద్దరి ఆటా ఒక్కసారే అయిపోతుంది. పొరపాటున కాల్చాడా, కావాలని కాల్చాడా అన్న పంచాయితీ ఆట అయ్యాక మొదలవుతుంది. పదేళ్ల పిల్లలకు నమ్మకం, మోసం, క్షమాపణ లాంటివి ఇంత తొందరగా, ఇన్నిసార్లు ఎదురయ్యే చోటు నాకు మరొకటి తట్టడం లేదు.

అవే ఎందుకు నిలిచిపోతాయి? కోపం, భయం, సంతోషం గట్టిగా కలిగినప్పుడు మెదడులోని అమిగ్డలా అనే భాగం ఆ సంఘటన బలంగా నమోదయ్యేలా చేస్తుంది. ఒక్కడే ఆడి ఓడిన వంద ఆటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, స్నేహితుడితో మాటలు మానేయించిన ఆట ఒక్కటీ వేరుగా నిలుస్తుంది. దీనికి చోటు కూడా తోడవుతుంది. మనం ఎక్కడున్నామో గుర్తించే నాడీకణాలు హిప్పోక్యాంపస్‌లో ఉన్నాయని 1971లో కనిపెట్టిన జాన్ ఓకీఫ్‌కు 2014లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. సంఘటనల జ్ఞాపకానికి ఆధారమైన భాగమూ అదే. ఆటలోని వంతెనలు, గుహలు, మలుపులు కూడా మెదడుకు ఒక రకంగా చోట్లే. ఆ చోటికి మళ్లీ వెళ్తే, అప్పుడు తోడున్నవాడు కూడా గుర్తుకు రావచ్చు.

‘రావచ్చు’ అని ఆచితూచి అనడానికి కారణం ఉంది. నేర్చుకున్న చోటే ఉంటే గుర్తుకు తెచ్చుకోవడం తేలికని చెప్పడానికి ఎక్కువగా ఉదహరించేది 1975 నాటి గాడెన్, బ్యాడ్లీల ప్రయోగం. నీటి అడుగున విన్న మాటలు డైవర్లకు నీటి అడుగునే బాగా గుర్తొచ్చాయి. 2021లో అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ తేడా కనిపించలేదు. చోటు ప్రభావం ఉందని చెప్పే ఇతర పరిశోధనలు ఉన్నా, అది ఎంత బలమైనదన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు.

ఆ వయసే ఎందుకు?

నలభై దాటినవాళ్లను జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్యవి మిగతా వయసులవాటికంటే ఎక్కువగా చెబుతారు. ఇది చాలా దేశాల్లో పదే పదే కనిపించిన సంగతి. దానికి కారణం దగ్గరే అభిప్రాయాలు చీలిపోతాయి. ఆ వయసులో మెదడు చురుగ్గా ఉంటుంది కాబట్టి బాగా నమోదు చేసుకుంటుందని కొందరంటారు. అన్నీ మొదటిసారి జరిగేది అప్పుడే కాబట్టి అని మరికొందరు. ‘నేనెవర్ని’ అన్నది స్థిరపడే వయసు అదని, మన కథలో భాగమైనవే మిగులుతాయని ఇంకొందరు. సమాజం ముఖ్యమని చెప్పే ఘట్టాలు, అంటే చదువు, ఉద్యోగం, పెళ్లి, ఆ వయసులోనే వస్తాయి కాబట్టి మనం వాటినే వెతుక్కుంటామన్నది నాలుగో వాదన.

చిన్ననాటి ఆటలకు ఈ చివరి వాదన సరిగ్గా అతకదు. ‘మారియో’లో రాకుమారిని విడిపించడాన్ని ఏ బంధువూ జీవిత ఘట్టంగా లెక్కపెట్టడు. ‘మొదటిసారి’ వాదన, ‘నేనెవర్ని’ వాదన నాకు ఎక్కువ సబబుగా తోస్తాయి. అమ్మానాన్నలు ఏర్పరచని, మనమే ఎంచుకున్న మొదటి స్నేహం చాలామందికి ఆ టీవీ ముందే మొదలైంది. జాయ్‌స్టిక్ ఎవరింట్లో ఉందన్నదాన్ని బట్టి స్నేహం మొదలై ఉండొచ్చు. కానీ క్యాసెట్ పాడయ్యాక కూడా ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నామంటే అప్పటికి అది వేరే సంగతి.

బాస్‌ను చంపింది ఎవరు?

ఇక గ్రూపులో జరిగిన వాదనకు వద్దాం. జలపాతం దగ్గర వదిలేసింది నువ్వా, మా అన్నయ్యా? నిజం చెప్పగలిగేవాళ్లు ఎవరు?

1985లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ ఒక ఆలోచన ప్రతిపాదించాడు. దగ్గరివాళ్లు జ్ఞాపకాలను పంచుకుని దాచుకుంటారు. ఏది ఎవరికి గుర్తుంటుందో ఇద్దరికీ తెలుసు కాబట్టి అన్నీ ఒక్కరే మోయరు. ఇంట్లో పుట్టినరోజులు అమ్మకు, బీమా కాగితాలు నాన్నకు గుర్తున్నట్టు. ఆటలోనూ అంతే. దాచిన దారులు ఒకడికి, బాస్‌ను చంపే కిటుకు ఇంకొకడికి తెలిసేవి. ఇప్పుడు విడివిడిగా ఆడితే ఒక్కొక్కరికీ సగం ఆటే చేతిలో ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్ ముందు పది నిమిషాలకే విసుగు రావడంలో దీని వాటా ఎంతో కొంత ఉంటుంది.

అలాగని కలిసి తలచుకుంటే అంతా బయటికొస్తుందనుకోవడం కూడా తొందరపాటే. గుంపుగా కూర్చుని గుర్తు చేసుకునేవాళ్లు, విడివిడిగా గుర్తు చేసుకుని తర్వాత కలిపితే వచ్చేదానికంటే తక్కువే చెబుతారని ప్రయోగాల్లో తేలింది. ఒకడి మాట ఇంకొకడి ఆలోచన తెగ్గొడుతుంది. ఒకడు ధీమాగా చెప్పిన తప్పు మిగతావాళ్ల జ్ఞాపకంలోకి చేరిపోతుంది కూడా. 2001లో వచ్చిన ఒక అధ్యయనం మరీ ఆసక్తికరం. ఒకే సంఘటనను ‘అది నాకు జరిగింది’ అని కవలలు ఇద్దరూ చెప్పుకున్న ఉదాహరణలు అందులో ఉన్నాయి. ఇద్దరిలో ఒకరిది కచ్చితంగా అరువు జ్ఞాపకం, కానీ ఎవరిదో వాళ్లకే తెలియదు. అన్నదమ్ముల్లో, స్నేహితుల్లో కూడా ఇది కనిపించింది.

దీన్ని మన ఉదాహరణకు వర్తింపజేద్దాం. ఇద్దరూ ఒకే తెర చూశారు, ఒకే కేకలు వేశారు, కథను తర్వాత స్కూల్లో ఇద్దరూ చెప్పారు. తెర మీద బొమ్మల్లో ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఎవరిది ఏ రంగో ఆ రోజు జాయ్‌స్టిక్ ఎవరికి ఏది దొరికిందన్నదాన్ని బట్టి మారేది. ఇరవై ఏళ్ల తర్వాత ‘బాస్‌ను చంపింది నేనే’ అని ఇద్దరికీ నిజాయితీగా అనిపించడంలో వింతేమీ లేదు. సాక్ష్యంగా ఆ జ్ఞాపకానికి విలువ తక్కువ. స్నేహానికి దాని విలువ తగ్గుతుందా అంటే, తగ్గదనే నా ఉద్దేశం. ఇద్దరూ ఒకే గెలుపు కోసం పోట్లాడుతున్నారంటే అది ఇద్దరిదీ కాబట్టే.

అందరికీ ఇవే జ్ఞాపకాలు లేవు

పాత రోజుల తలపుల వల్ల మేలే జరుగుతుందని చెప్పే పరిశోధన గట్టిగానే ఉంది. 2006లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ వైల్డ్‌షట్, కాన్‌స్టాంటైన్ సెడికిడిస్ తదితరులు, ఇలాంటి తలపుల్లో ఎక్కువగా మనమూ మన దగ్గరివాళ్లూ ఉంటామని, ఒంటరితనం కలిగినప్పుడు ఇవి ఎక్కువవుతాయని, తర్వాత మనకు మనుషులున్నారన్న భావన పెరుగుతుందని చూపారు. సొంతూరికి దూరంగా, శుక్రవారం రాత్రి మడివాళ బస్సు కోసం వారమంతా ఎదురుచూసేవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

రెండో వైపు కూడా చూడాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014లోనే ‘షట్’ క్లినిక్ పేరుతో టెక్నాలజీ వ్యసనానికి చికిత్స మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్ చేరింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితం కంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. ఎక్కువసేపు ఆడడం ఒక్కటే జబ్బు కాదు. చిన్నప్పటి ఆట స్నేహాన్ని ఇచ్చిందనడం, ఈరోజు ఒక పిల్లవాడు ఆటలో చిక్కుకున్నాడనడం రెండూ నిజమే కావచ్చు. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టిపారేయడం వల్లే ఇళ్లలో ఈ చర్చ ముందుకు కదలదు.

అంతకంటే తక్కువగా వినిపించేది ఆడపిల్లల మాట. గేమ్ పార్లర్లు, నెట్ సెంటర్లు చాలా ఊళ్లలో మగపిల్లల చోట్లే. ఇంట్లో ఆడినా రెండో జాయ్‌స్టిక్ చెల్లెలికి దక్కేది, అదీ అన్న స్నేహితుడు రానప్పుడే. ‘మా తరం ఆటలు’ అని ఘనంగా చెప్పుకునేటప్పుడు ఆ తరంలో సగం మంది తలుపు దగ్గర నిలబడి చూశారన్న సంగతి నాకు కష్టంగానే ఉంటుంది. వాళ్ల జ్ఞాపకాలు అడిగితే ఆట ఇంకో కోణంలో కనిపిస్తుంది. ఏ బాస్‌ను ఎవరు చంపారో తలుపు దగ్గరున్న అమ్మాయికే సరిగ్గా గుర్తుండొచ్చు.

యంత్రం మరిచిపోయినప్పుడు

మన నకలు క్యాసెట్లలో చాలావాటికి సేవ్ చేసుకునే వీలే లేదు. కరెంటు పోతే హైస్కోర్ కూడా పోయేది. అందుకని ఎవరు ఎంత కొట్టారన్నది మనుషులే గుర్తుంచుకోవాల్సి వచ్చేది. అసలు క్యాసెట్లలో సేవ్ ఉన్నవాటికి లోపల బిళ్ల బ్యాటరీ ఉండేది, అది అయిపోతే సేవ్ చెరిగిపోతుంది.

ఉన్నది ఉన్నట్టు తేలేనివి ఇంకా ఉన్నాయి. ‘డక్ హంట్’ తుపాకీ ఇప్పటి ఎల్ఈడీ టీవీలో పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది. తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగును పట్టుకుంటుంది. పాత డబ్బా టీవీలో ఇది ఏమాత్రం ఆలస్యం లేకుండా జరిగేది కాబట్టే లెక్క కుదిరింది. కొత్త తెరలు బొమ్మ చూపడంలో కాస్త ఆలస్యం చేస్తాయి, గురి తప్పుతుంది.

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, అక్కడ 2010కి ముందు విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకడం లేదు. మన దేశంలో పుస్తకాల, వార్తాపత్రికల ప్రతులు గ్రంథాలయాలకు ఇవ్వాలని 1954 చట్టం చెబుతుంది. వీడియో గేమ్‌లు దానిలో లేవు. పైగా మన చిక్కు వేరు. కంపెనీలు మళ్లీ విడుదల చేసే ‘అసలు’ ఆటలు మనం ఆడినవి కావు. మనం ఆడింది పేర్లు మార్చిన, లైఫ్‌లు పెంచిన, మధ్యలోంచి మొదలయ్యే నకళ్లు. వాటిని భద్రపరచడం కాపీరైట్ ప్రకారం ఎవరి బాధ్యతా కాదు, చాలాసార్లు ఎవరి హక్కూ కాదు. మన కాపీరైట్ చట్టం చట్టబద్ధంగా కొన్న ప్రోగ్రామ్‌కు రక్షణగా బ్యాకప్ ప్రతి తీసుకోనిస్తుంది. కానీ నకలు క్యాసెట్‌ను ఆ నిబంధన కాపాడదు.

సర్వర్‌తో పాటు పోయే స్నేహాలు

తర్వాతి తరానికి ఇబ్బంది ఇంకా పెద్దది. వాళ్ల పక్క సీటు సర్వర్‌లో ఉంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ మొబైల్ ఒకటి. దానిలో రోజూ రాత్రి కలిసేవాళ్లలో కొందరికి ఒకరి అసలు పేరు ఒకరికి తెలియదు, గొంతు మాత్రమే తెలుసు. 2021 జులైలో దాని భారతీయ రూపం బీజీఎమ్ఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వచ్చింది. కొంతకాలం పాత ఖాతా సమాచారాన్ని అందులోకి మార్చుకోనిచ్చారు. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి పోయింది, 2023 మేలో తిరిగొచ్చింది. ఒక్కో విరామంలో కొందరు తిరిగి రాలేదు. ఫోన్ నంబరు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు మిగిలారు.

యూబీసాఫ్ట్ కంపెనీ ‘ద క్రూ’ అనే తన కార్ల పందేల ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా ఆ తర్వాత ఆడలేకపోయారు. దాంతో మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం, సర్వర్ మూసినా ఆటను ఏదో రూపంలో ఆడుకోగలిగేలా వదిలిపెట్టాలని అడుగుతోంది. ఐరోపా సమాఖ్యలో దాని పిటిషన్ 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది. ప్రచురణకర్తల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మూసేశాక కూడా ఆడేలా చేయాలంటే తయారీ ఖర్చు పెరుగుతుందంటారు. ఎవరో సొంతంగా నడిపే సర్వర్‌లో పిల్లల భద్రతకు, ఆటగాళ్ల సమాచారానికి ఎవరు జవాబుదారీ అని అడుగుతారు. కొన్నవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. అమ్మేటప్పుడు ‘కొనండి’ అన్నారు, ‘అద్దెకు తీసుకోండి’ అనలేదు. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలైన చట్టం ఇక్కడ మధ్యేమార్గం పట్టింది. అమ్ముతున్నది లైసెన్సే అయితే ఆ సంగతి కొనేముందే స్పష్టంగా చెప్పాలంటుంది.

ఈ వాదనలన్నీ యంత్రం దాచుకున్నదాని గురించే. సర్వర్‌ను కాపాడే చట్టం రేపు వచ్చినా, ఆ రాత్రి ఆటలో పడిపోయిన ఎవర్ని రివైవ్ చేయడానికి (తిరిగి లేపడానికి) ఎవరు పరుగెత్తుకొచ్చారన్నది దానిలో ఉండదు. కొన్ని ఆటల్లో దాని జాడ కొంత మిగులుతుంది. ఇద్దరు కలిసి ఆడిన ‘మైన్‌క్రాఫ్ట్’ లోకాన్ని తెరిస్తే, స్నేహితుడు కట్టిన వంకర మేడ, సగంలో వదిలేసిన సొరంగం, పెట్టెలో దాచిన సరుకు పెట్టినచోటే ఉంటాయి. కార్ల పందేల్లో పాత ల్యాప్‌ను నీడకారుగా దాచిపెట్టే ఆటలున్నాయి. ఆ నీడకారు ఏ మలుపులో బ్రేక్ వేస్తుందో చూసి అది నడిపింది ఎవరో తెలిసినవాళ్లు పట్టేస్తారు. ఆ ఫైలు ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో ఉంటే ఇంకొకరికి పంపొచ్చు. కంపెనీ సర్వర్‌లో మాత్రమే ఉంటే ఆ వీలుండదు. కొత్తగా ఏ ఆట తీసుకుంటున్నా ఈ రెంటిలో అది ఏ రకమో ముందే తెలుసుకోవచ్చు, కానీ పదేళ్ల పిల్లవాడు స్నేహితుడితో ఆడడానికి కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న అడగడు. అడగాల్సింది ఆ ఆట కొనిచ్చే పెద్దవాళ్లు.